క్లాస్ అబ్జర్వేషన్: అపోహలు, వాస్తవాలు, ముఖ్యంగా ఆ రిహార్సల్ సంగతి

మొన్న శనివారం రాత్రి పెందుర్తి వైపు పనిచేసే ఒక మేడమ్ ఫోన్ చేశారు. "సోమవారం నా క్లాసు చూడ్డానికి వస్తారట మాష్టారూ. పాఠం రెండుసార్లు చెప్పేశాను, ఏ ప్రశ్నకి ఎవరు లేవాలో కూడా చెప్పేశాను, ఇంకేం చెయ్యాలండీ?" అన్నారు. గొంతు వణుకుతోంది. క్లాసు చూసి టీచర్ బోధనకు స్కోరు ఇచ్చే "టీచ్" అనే టూల్ మీద శిక్షణ తీసుకుని క్లాసులు చూడటం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. ఆవిడ మీద కోపం లేదు, ఆవిడకి ఇలా ముందే రిహార్సల్ చేయించమని సలహా ఇచ్చినవాళ్ల మీదే.

అపోహ: పిల్లలు తప్పు చెబితే మన స్కోరు పోతుంది, కాబట్టి ముందే చెప్పించాలి.

వాస్తవం: పోయేది ఇలా చెప్పించడం వల్లే. ప్రపంచ బ్యాంకు తయారుచేసిన ఈ టూల్‌లో 15 నిమిషాల చొప్పున రెండు విడతలు చూస్తాం, 9 అంశాలకు 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తాం. అర్థమైందో లేదో కనుక్కోవడం ఒక అంశం, ఫీడ్‌బ్యాక్ ఇంకో అంశం. క్లాసంతా ఒకే గొంతుతో "అర్థమైంది టీచర్" అంటే మీరు ముందుకెళ్లిపోయారనుకోండి, ఏ పిల్లాడికి ఎంత వచ్చిందో మీరు కనుక్కున్నట్టు కాదు, అక్కడ తక్కువే పడుతుంది. పిల్లాడు ఎక్కడ పొరబడ్డాడో పట్టుకుని, దాన్ని వాడికి విడమరిచి చెప్పడం ఫీడ్‌బ్యాక్. ఒక్క తప్పూ రాని క్లాసులో అది నాకెక్కడ కనబడుతుంది?

ఆనందపురం వైపు ఒక బడిలో నాలుగో తరగతి, భిన్నాల పాఠం. టీచర్ బోర్డు మీద 1/3, 1/4 రాసి ఏది పెద్దదని అడిగారు. రెండో బెంచీ అబ్బాయి లేచి "1/4 టీచర్, 3 కన్నా 4 పెద్దది కదా" అన్నాడు. ఆవిడ నా వైపు చూశారు, ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఓ క్షణం ఆగి, రెండు కాగితాలు చింపి, ఒకటి మూడు మడతలు, ఇంకోటి నాలుగు మడతలు పెట్టి వాడి చేతికిచ్చారు. "ఇది పూతరేకు అనుకో, ఏ ముక్క తీసుకుంటావు?" వాడు రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచులు సరిచూసి, కాసేపు గమ్మున ఉండి "ఎక్కువ మందికి పంచితే ముక్క చిన్నదైపోతుంది టీచర్" అన్నాడు. 1/5 సంగతి ఆవిడ అడగకముందే వెనక బెంచీ నుంచి "ఇంకా చిన్నది" అని వినబడింది. పీరియడ్ అయ్యాక వరండాలో ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు, "ఆ అబ్బాయి వల్ల క్లాసు చెడిపోయిందండి" అని. ఆ నాలుగు నిమిషాలే మీ క్లాసులో అన్నిటికన్నా బాగున్నాయమ్మా అని చెబితే నమ్మడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది.

నేనూ కొత్తలో ఇన్‌స్పెక్షన్ ముందురోజు అదే లెక్క పిల్లలతో పదిసార్లు చేయించాను. వచ్చినాయన అంకె మార్చి అడిగారు. ముప్పైమందీ ఒక్కసారిగా నా ముఖంలోకి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. వాళ్లని అలా నిలబెట్టింది నేనే.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. టీఎల్ఎం, అంటే చార్టుల్లాంటి బోధన సామగ్రి కోసం జేబులోంచి వేల రూపాయలు పెట్టక్కర్లేదు, ఆ 9 అంశాల్లో గోడకు అంటించిన చార్టుల అంశమే లేదు. క్లాసు నిశ్శబ్దంగా ఉండాలన్నదీ తప్పే, జంటగా కూర్చుని పని చేసుకునే పిల్లలు మాట్లాడతారు. ఈ స్కోరుతో బదిలీ చేసేస్తారని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పేవాళ్లు దయచేసి ఆపండి. బదిలీ పాయింట్లు స్టేషన్ (పనిచేసే ఊరు), సర్వీసు లాంటి వాటిని బట్టి వస్తాయి. ఒక్కటి మాత్రం నిజంగా చూసుకోండి: ప్రతి 15 నిమిషాల్లో మూడుసార్లు పిల్లలు పనిలో ఉన్నారా లేదా అని చూస్తాం, హాజరు వేసేంతసేపూ వాళ్లు ఊరికే కూర్చుంటారు, కాబట్టి అది ముందే వేసేసుకోండి.

ఆ మేడమ్‌కి ఒకటే చెప్పాను. చెప్పేసిన పాఠం పక్కనపెట్టి తర్వాతి పేజీ తియ్యండి, అందులో మీ పిల్లలు ఎక్కడెక్కడ పొరబడతారో ఓ నాలుగు చోట్లు కాగితం మీద రాసుకోండి, ఒక్కోదానికీ అప్పుడు మీరేం అడుగుతారో పక్కనే రాసుకోండి, ఇక పడుకోండమ్మా అని.