గుండె పురుగు మందు మోతాదు: అపోహలు - వాస్తవాలు

దోమకాటుతో కుక్క ఒంట్లోకి చేరే గుండె పురుగు ఆరు నెలల్లో పెరిగి పెద్దదై ఊపిరితిత్తుల ధమనుల్లో, గుండె కుడి భాగంలో స్థిరపడుతుంది. ఐవర్‌మెక్టిన్ వంటి నివారణ మందు సులువైనదే. శ్రీకాకుళంలో పశువైద్యుడిగా నాకు ఆందోళన కలిగించేది దాన్ని కొలిచే తీరు.

అపోహ: మేకలకు వేసే ఐవర్‌మెక్టిన్ సూదిమందు రెండు చుక్కలు పడితే చాలు, మందు ఒకటే కదా.

వాస్తవం: మందు ఒకటే, మోతాదు ఒకటి కాదు. నివారణకు కావలసింది నెలకొకసారి కిలో బరువుకు 6 మైక్రోగ్రాములు, అంటే పది కిలోల కుక్కకు 60. పశువులకు వాడే ఒక శాతం మందులో ఒక్క మిల్లీలీటరుకు 10,000 మైక్రోగ్రాములు ఉంటాయి. 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజిలో మొదటి గీత వరకు తీసినా 250 వస్తుంది కనుక, ఇంట్లో దీన్ని సరిగా కొలవడం అసాధ్యం. అర మిల్లీలీటరు వేస్తే 80 రెట్లు దాటిపోతుంది. గజ్జికి మేము ఎక్కువ మోతాదు ఇచ్చే మాట నిజమే గాని, అది పరీక్షించి, కొద్దికొద్దిగా పెంచుతూ, కుక్కను గమనిస్తూ చేసే చికిత్స. కోలీ వంటి జాతుల్లో, వాటి సంకరాల్లో కొన్నింటికి ఎండీఆర్1 జన్యులోపం వల్ల మందు మెదడులోకి చొరబడుతుంది. నివారణ మోతాదు వాటికీ సురక్షితమే, గజ్జి మోతాదు ప్రాణాంతకం కావచ్చు. కనుపాపలు పెద్దవై, చొంగ కారుస్తూ, తూలుతూ గోడలకు తగులుతుంటే మందు సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. దీనికి నేరుగా పనిచేసే విరుగుడు లేదు.

అపోహ: ఇంట్లో మిగిలిన బోదకాలు మాత్రలు పనికొస్తాయి.

వాస్తవం: మన జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్రలు మనుషుల ఫైలేరియా కోసం ఉద్దేశించినవి. ఒకప్పుడు కుక్కలకూ డీఈసీని రోజూ ఇచ్చేవారు. అయితే రక్తంలో అప్పటికే పిల్ల పురుగులున్న కుక్కకు ఇది పడితే షాక్‌లోకి వెళ్లి చనిపోవచ్చు. ఏ నివారణ మందు మొదలుపెట్టే ముందైనా రక్తపరీక్ష అడిగేది ఇందుకే.

అపోహ: పొట్ట పురుగుల మాత్ర, గోమార్ల బిళ్ల ఇస్తున్నాం కనుక ఇది అక్కర్లేదు.

వాస్తవం: పొట్ట పురుగుల మాత్రల్లో ఉండే ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్ గుండె పురుగును ఆపవు. గోమార్ల బిళ్లల్లోనూ చాలావాటిలో గుండె పురుగు మందు ఉండదు; అట్ట మీద చదవండి.

అపోహ: ఒక నెల తప్పితే తర్వాతి నెల రెండు బిళ్లలు ఇవ్వాలి.

వాస్తవం: ఈ మందు గడిచిన నెలలో చేరిన లార్వాలను చంపుతుంది, రాబోయే నెలకు కాపలా ఉండదు. గుర్తొచ్చిన రోజే ఒక్క మోతాదు ఇచ్చి, వైద్యుడికి చెప్పండి. యాంటిజెన్ పరీక్షలో పురుగు బయటపడటానికి సుమారు ఆరు నెలలు పడుతుంది కనుక అప్పుడు మళ్లీ పరీక్ష చేయాలి. మన తీరంలో పుష్య మాసంలోనూ దోమలుంటాయి, చలికాలమని ఆపవద్దు.

అపోహ: పెద్ద బిళ్లను విరిచి రెండు కుక్కలకు పంచవచ్చు.

వాస్తవం: రెండు ముక్కల్లోనూ మందు సమంగా ఉంటుందన్న హామీ లేదు. కుక్కను ఎత్తుకుని తూకం మీద నిలబడి, మీ బరువు తీసివేసి, ఆ బరువుకు తగిన బిళ్లే కొనండి. ఎదిగే పిల్లను ప్రతి నెలా తూచండి.