ఈ పాత సామాను నిజంగా ఎప్పటిది?

ఎవరో ఒక చెక్క పెట్టె తెచ్చి "ఇది మా ముత్తాత గారిది, నూట యాభై ఏళ్ల నాటిది" అని మ్యూజియంకి ఇచ్చారనుకోండి. క్యూరేటర్, అంటే మ్యూజియం వస్తువుల బాగోగులు చూసే నిపుణులు, ఆ మాట జాగ్రత్తగా రాసుకుంటారు, కానీ తేదీ మాత్రం పెట్టెనే అడుగుతారు. తిరగేసి చూస్తే ప్లస్ ఆకారం గాడి ఉన్న స్క్రూ కనపడిందంటే, ఆ ఫిలిప్స్ స్క్రూలు మార్కెట్లోకి వచ్చిందే 1930ల మధ్యలో. మరి పెట్టె కూడా అప్పటిదేనా అంటే, కాకపోవచ్చు, ఎవరో రిపేర్ చేసి ఆ ఒక్క స్క్రూ మార్చి ఉండొచ్చు, అందుకని మిగతా స్క్రూలు ఎలా ఉన్నాయి, పాత రంధ్రాలు ఏమైనా పూడ్చారా, ఆ చోట చెక్క రంగు తేడాగా ఉందా అన్నీ చూడాల్సిందే.

ఈ పనిలో నాకు బాగా నచ్చే విషయం ఇదే. ఎప్పటిది అని నేరుగా తేల్చలేం, "ఇంతకంటే ముందుది అయ్యే అవకాశం లేదు" అని మాత్రం గట్టిగా చెప్పగలం, తయారైనప్పటి నుంచీ ఉన్న భాగాల్లో అన్నిటికంటే కొత్త టెక్నాలజీ ఏదో అదే ఆ గీత గీస్తుంది.

గాజు సీసాలు చూడండి. చేత్తో మూతి దిద్దిన రోజుల్లో అచ్చు ముక్కలు కలిసే చోట పడే అతుకు గీత మెడ దగ్గరే ఆగిపోయేది, మెషిన్ చేసిన సీసాలో అది మూతి అంచు దాకా పోతుంది. అడుగున కాస్త గరుకుగా, ఒక పక్కకి జరిగినట్టు గుండ్రటి మచ్చ ఉంటే అది మైకేల్ ఓవెన్స్ 1903లో తెచ్చిన ఆటోమేటిక్ మెషిన్ గుర్తు, కరిగిన గాజుని లోపలికి పీల్చుకుని కోసేటప్పుడు పడుతుంది. మచ్చ లేదు కాబట్టి 1903కి ముందుదే అనుకుంటే మాత్రం తప్పు, చేత్తో చేసేవాళ్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు చేశారు.

పింగాణీ అయితే అడుగున ఉన్న ముద్ర చదవాలి. 1890లో అమెరికా చేసిన చట్టం వల్ల 1891 నుంచి అక్కడికి దిగుమతయ్యే సరుకు మీద దేశం పేరు ఉండాల్సి వచ్చింది, అందుకే జపాన్ కప్పుల మీద మొదట "నిప్పాన్" (జపాన్ వాళ్ల భాషలో ఆ దేశం పేరే) అని, 1921 తర్వాత "జపాన్" అని ఉంటుంది. బ్రిటిష్ సామాను మీద డైమండ్ ఆకారం ముద్ర ఉంటే 1842-1883 మధ్య రిజిస్టర్ చేసిన డిజైన్ అన్నమాట. అయితే అది డిజైన్ తేదీ, ప్లేటు తేదీ కాదు, అదే డిజైన్ మీద తర్వాత ఎన్నో ఏళ్లు ప్లేట్లు చేసి ఉండొచ్చు!

ప్లాస్టిక్ దగ్గర ముక్కు పనికొస్తుంది. 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టిన బేకలైట్‌ని వేలితో గట్టిగా రుద్దితే ఫినాల్ వాసన, అంటే ఘాటైన మందుల వాసన, అంతకంటే పాతదైన సెల్యులాయిడ్‌ని రుద్దితే కర్పూరం వాసన. కొంతమంది వేడి సూది గుచ్చి చూడమంటారు, దయచేసి ఆ పని చేయకండి, సెల్యులాయిడ్ భగ్గుమని అంటుకుంటుంది. పాడైపోతున్న సెల్యులాయిడ్ యాసిడ్ ఆవిరి వదిలి పక్కనున్న లోహాన్ని కూడా తినేస్తుంది, కాబట్టి గుర్తుపట్టగానే విడిగా పెట్టాలి.

బట్టల మీద యూవీ లైట్ వేస్తారు, నీలంగా మెరిస్తే అందులో 1950 ప్రాంతాల నుంచి బాగా వాడుకలోకి వచ్చిన తెల్లదనం పెంచే కెమికల్ ఉన్నట్టు. కానీ ఇక్కడా అదే చిక్కు, పాత దుప్పటిని ఈ కాలపు డిటర్జెంట్‌తో ఒక్కసారి ఉతికినా మెరవొచ్చు.

కార్బన్ డేటింగ్, అంటే వస్తువులో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ని కొలిచి వయసు లెక్కగట్టడం, చేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. దాదాపు 1650 నుంచి 1950 దాకా ఆ లెక్క పైకీ కిందకీ ఊగుతుంది, ఒకే కొలతకి మూడు నాలుగు తేదీలు వస్తాయి, ఇంటి సామాను చాలావరకు సరిగ్గా ఆ కాలానిదే.

మ్యూజియంకి ఇవ్వాలనుకుంటే ముందే తోమి మెరిపించకండి. ఆ మసి, ఆ జిడ్డు, సగం చిరిగిన లేబుల్, ఇవే సాక్ష్యాలు. రికార్డులో చివరికి "సుమారు 1925-1940" అని పడుతుంది, పక్కనే ఏ ఆధారంతో అలా రాశారో కూడా, ముత్తాత గారి కథ దాని కింద.