లూసిటానియా ప్రయాణికులు: అపోహలు - వాస్తవాలు

ఓడల్లో పనికి వెళ్లేవారికి ప్రాణరక్షణ పాఠాలు చెప్పడం నా వృత్తి. మొదటి ప్రపంచ యుద్ధం సాగుతుండగా, 1915 మే 7న ఐర్లండ్ దక్షిణ తీరాన, జర్మన్ జలాంతర్గామి యు-20 ప్రయోగించిన టార్పెడో తగిలి మునిగిన బ్రిటిష్ ప్రయాణికుల ఓడ లూసిటానియా గురించి కొన్ని తప్పుడు మాటలు తరచూ నా చెవిన పడుతుంటాయి.

అపోహ: టైటానిక్‌లో మాదిరిగానే పడవలు చాలక జనం చనిపోయారు.

వాస్తవం: లూసిటానియాలో అందరికీ సరిపడేలా 48 పడవలు ఉన్నాయి. చాలనిది సమయం, ఓడ 18 నిమిషాల్లో మునిగింది. టార్పెడో తగిలిన కుడివైపుకే ఓడ ఒరిగిపోవడంతో ఆ వైపు పడవలు అంచుకు అందనంత దూరంగా వేలాడాయి. ఎడమవైపు పడవలేమో లోపలికి ఊగి, ఎక్కడానికి నిలుచున్నవారినే నలిపేశాయి. చివరికి క్షేమంగా నీటిని చేరినవి ఆరే. దాదాపు 1,960 మందిలో సుమారు 1,200 మంది మరణించారు. ఇంత నష్టానికి ప్రయాణికుల తొక్కిసలాటే కారణమనడం అన్యాయమని నా అభిప్రాయం.

అపోహ: లైఫ్ జాకెట్ ఉన్నవారంతా బతికి ఉండాలి.

వాస్తవం: జాకెట్లు గదుల్లో ఉన్నాయి. మధ్యాహ్నం రెండు దాటిన వేళ, భోజనాల దగ్గరా డెక్ మీదా ఉన్నవారు వాటి కోసం ఒరుగుతున్న మెట్ల మీదుగా కిందికి పరుగెత్తవలసి వచ్చింది. తెచ్చుకున్నవారిలోనూ చాలామంది తలకిందులుగానో, ముందువెనుకలు మార్చో తొడుక్కున్నారు. శిక్షణ కొలనులో నేను ఇది చేసి చూపిస్తాను: జాకెట్ తిరగబడితే తేలవలసిన ముఖం నీటిలోకి పోతుంది, నడుము పైకి లేస్తుంది. ఆ వారం రోజుల ప్రయాణంలో, యుద్ధ జలాల్లోకి వెళుతున్నామని తెలిసి కూడా, ప్రయాణికులచేత ఒక్కసారైనా జాకెట్ కట్టించి సాధన చేయించలేదు. నా మనసును ఎక్కువగా కలచివేసేది ఇదే.

అపోహ: ప్రమాదం ఉందని ఎవరికీ తెలియదు.

వాస్తవం: ఓడ న్యూయార్క్ నుంచి బయలుదేరిన మే 1 నాడే జర్మన్ రాయబార కార్యాలయం హెచ్చరిక అక్కడి పత్రికల్లో వచ్చింది. అంత వేగం గల ఓడను జలాంతర్గామి అందుకోలేదని పలువురు నమ్మారు. అయితే, ఖర్చు తగ్గించుకోవడానికి ఒక బాయిలర్ గదిని మూసివేసినందున, ఓడ తన పూర్తి వేగంతో వెళ్లే స్థితిలో లేదు.

అపోహ: చనిపోయినవారు ఎక్కువగా అమెరికా ధనవంతులు, అందుకే ఆ దేశం వెంటనే యుద్ధంలోకి దిగింది.

వాస్తవం: మృతుల్లో అమెరికన్లు 128 మంది, అమెరికా యుద్ధం ప్రకటించింది 1917 ఏప్రిల్‌లో. ఓడలో కిక్కిరిసినది రెండో తరగతి. అందులో పిల్లలతో స్వదేశానికి తిరిగి వెళుతున్న బ్రిటిష్ కుటుంబాలు ఎన్నో. 90 మందికి పైగా పిల్లలు చనిపోయారు. క్వీన్స్‌టౌన్, అంటే నేటి కోవ్ పట్టణ శ్మశానంలోని సామూహిక సమాధుల్లో, ఎవరో గుర్తించలేకపోయిన మృతదేహాలు కూడా ఉన్నాయి.