పక్కన పెట్టి చూడవలసిన ఫిలిం

బెంగళూరుకు దక్షిణాన జిగణిలో గ్రానైట్ పలకలు కోసి పాలిష్ చేసే షెడ్డులో పనిచేస్తున్న, ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఒక పాఠకుడు ఇలా అడిగారు: “రెండేళ్ల కిందట ఛాతీ ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారండీ. నాకు దగ్గు కూడా లేదు. మళ్లీ ఎందుకు తీయించుకోవాలి?”

జవాబు ఆయన పనిలోనే ఉంది. ఒకే ఇంటికి వెళ్లవలసిన పలకల రంగు కలిసిందో లేదో ఆయన ఒక్క పలకను చూసి చెప్పరు. నమూనా ముక్కను పక్కన పెట్టి చూస్తారు. విడిగా రెండూ నలుపే. పక్కపక్కన పెట్టినప్పుడే ఒకదానిలోని బూడిద ఛాయ బయటపడుతుంది. రాతి దుమ్ములో పనిచేసేవారి ఎక్స్‌రేను చదివే పద్ధతి సరిగ్గా ఇదే. అంతర్జాతీయ కార్మిక సంస్థ రూపొందించిన ప్రామాణిక ఫిలింల పక్కన కార్మికుడి ఫిలింను ఉంచి, చిన్న మచ్చలు ఎంత దట్టంగా ఉన్నాయో 12 మెట్ల కొలబద్దపై గుర్తిస్తారు. ఆ కొలబద్ద వైద్యుడి సందేహాన్ని కూడా నమోదు చేస్తుంది. నాకు అందులో అన్నిటికన్నా నచ్చినది అదే. ‘1/0’ అంటే మచ్చలున్నాయని తేల్చినా, లేవేమోనని కూడా గట్టిగా ఆలోచించారని అర్థం. ‘0/1’ అంటే లేవని తేల్చినా, ఉన్నాయేమోనని ఆలోచించారని అర్థం. ‘0/0’ వచ్చినా ‘0/1’ వచ్చినా కార్మికుడి చెవిన పడేది “ఏమీ లేదు” అన్న ఒక్క మాటే కావచ్చు. ఆ రెండింటి మధ్య నడిచిన మెట్టు, పాత ఫిలింను కొత్తదాని పక్కన పెడితేనే తెలుస్తుంది.

దగ్గు లేకపోవడం భరోసా కాదు. రాతిలో ఉండే సిలికా స్ఫటికాన్నే క్వార్ట్జ్ అంటారు. కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) క్వార్ట్జ్ రేణువు ఊపిరితిత్తిలోని వాయుకోశాన్ని చేరగానే మాక్రోఫేజ్ అనే రక్షణ కణం దానిని మింగుతుంది, కాని కరిగించలేక తానే చనిపోయి రేణువును వదిలేస్తుంది. దానిని మరో కణం మింగుతుంది, అదీ చనిపోతుంది. ఈ చావుల వెంట వాపు, వాపు వెంట గట్టి పీచు కణజాలం ఏర్పడతాయి. ఎక్స్‌రేలో కనబడేది దుమ్ము కాదు, ఆ పీచు ముడి. సాధారణంగా అది కనబడటానికి పదేళ్లో అంతకన్నా ఎక్కువో పడుతుంది. సిలికా దుమ్ము వల్ల ఇలా వచ్చే ఊపిరితిత్తుల జబ్బే సిలికోసిస్. పని మానేసినా అది ముదరగలదు. బెల్లం తింటే దుమ్ము దిగిపోతుందన్న నమ్మకం రాతి పనివారిలో ఉంది. కడుపులోకి వెళ్లిన బెల్లం ఊపిరితిత్తిలోని స్ఫటికాన్ని కరిగించలేదు కనుక, దానిని నమ్మి, దుమ్ము లేవకుండా నీళ్లు పోస్తూ కోసే తడి కోతను వదిలేయవద్దని వేడుకుంటున్నాను.

అన్ని రాళ్ల ప్రమాదమూ ఒకటి కాదు. చీమకుర్తి గెలాక్సీ నల్లరాయిని వ్యాపారంలో గ్రానైట్ అంటున్నా, భూవిజ్ఞానం ప్రకారం అది గాబ్రో జాతిది, క్వార్ట్జ్ తక్కువ. కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లోనైతే సిలికా 90 శాతానికి పైగా ఉండవచ్చు. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి వాటిని నిషేధించింది. అందుకే ఏ రాయి, ఎన్నేళ్లు కోశారన్న వివరం కూడా ఫిలింతోపాటు ఉండాలి. ఊపిరి బలాన్ని కొలిచే స్పైరోమెట్రీ అంకెలు కూడా మొదటి ఏడాదివి ఉంటేనే పోల్చడానికి వీలవుతుంది. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ ముప్పు ఎక్కువ, మచ్చలు కూడా ఒకదానినొకటి పోలి ఉండవచ్చు గనుక కళ్లె పరీక్షనూ విడిచిపెట్టకూడదు.

మేస్త్రీ మారినప్పుడు పాత ఫిలిం పాత షెడ్డు కార్యాలయంలోనే ఉండిపోతే, కొత్త వైద్యుడికి పక్కన పెట్టి చూడటానికి ఏమీ మిగలదు. ఆ పాఠకుడు తన ఫిలింను తన పెట్టెలోనే ఉంచుకుని, ఊరికి వెళ్లినా వెంట తీసుకువెళ్లాలి.