బీల ఎవరిది?

శ్రీకాకుళం జిల్లాలో సోంపేట దగ్గర బీల అంటారు, సంతబొమ్మాళి వైపు తంపర అంటారు. వాన నీరు సముద్రంలో కలిసేముందు నిలిచిపోయే లోతట్టు నేల అది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ నీళ్లు తోడుకుని వరి పండించుకుంటారు, వల వేసి చేపలు పట్టుకుంటారు, పశువుల్ని మేపుకుంటారు, తుంగ కోసుకుంటారు. ఎవరి పేరునా పట్టా లేదు. తాతల నుంచి వస్తున్న వాడుకే వాళ్ల హక్కు.

2008లో సోంపేట బీలలో 972 ఎకరాలను థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించినప్పుడు ఆ హక్కు ఏ రికార్డులోనూ కనిపించలేదు. అది అప్పటికప్పుడు మాయమైంది కాదు.

1802లో కంపెనీ పాలకులు మా జిల్లా ఉన్న ఉత్తర సర్కారుల్లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టి, జమీందార్లను భూమికి యజమానులుగా గుర్తించారు. ఆ తర్వాత అడవి మీదా, కొండ మీదా ఊరివాళ్లకూ ఎస్టేటుకూ పేచీలు మొదలయ్యాయి. సోంపేట పక్కనే ఉన్న మందసలో అడవి కలప కోసం రైతులు జమీందారుతో తలపడ్డారు. నాగలికి కర్ర కావాలన్నా ఎస్టేటు అనుమతి అడగడమేమిటన్నది వాళ్ల బాధ. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. గర్భిణిగా ఉన్న సాసుమాన గున్నమ్మ ఆ కాల్పుల్లో చనిపోయింది. వీరగున్నమ్మ అని మా జిల్లాలో ఇప్పటికీ తలుచుకుంటాం.

1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. జమీందారీ పోయింది, పోవాల్సిందే. కానీ ఆ చట్టంలో మూడో సెక్షన్ చదివితే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఊరుమ్మడి భూములు, పోరంబోకులు, బంజర్లు, పచ్చిక బయళ్లు, అడవులు, చెరువులు, ఏర్లు, చేపలు పట్టే చోట్లు అన్నీ పేరుపేరునా రాసి, ప్రభుత్వానికి దఖలు పడతాయని చెప్పింది. ఊరికి అని అనలేదు. జమీందారు చేతిలోంచి జారిన ఉమ్మడి నేల ఊరి చేతికి రాకుండా సర్కారు ఖాతాలో పడింది.

పోరంబోకు అంటే అసలు శిస్తు లెక్కకు బయట ఉంచిన నేల. అందులో చెరువు ఉంటుంది, శ్మశానం ఉంటుంది, పశువుల దారి ఉంటుంది. ఇప్పుడా మాటను మనిషిని తిట్టడానికి వాడుతున్నాం. నేల విషయంలోనూ అంతే జరిగింది. పన్ను రాని నేలను పనికిరాని నేలగా చూడటం అలవాటైపోయింది. నీళ్లూ చేపలూ ఉన్న బీలను బంజరు అనగలిగారంటే అందుకే.

2010 జూలై 14న సోంపేటలో ఆ థర్మల్ కేంద్రాన్ని వ్యతిరేకించిన వాళ్ల మీద పోలీసులు జరిపిన కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ రద్దు చేసింది.

2011 జనవరి 28న సుప్రీంకోర్టు పంజాబ్‌లోని ఒక ఊరి చెరువు కేసులో తీర్పు చెబుతూ, ఆక్రమణల్లో ఉన్న ఊరుమ్మడి భూముల్ని తిరిగి గ్రామ పంచాయతీలకు అప్పగించే ఏర్పాటు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. సరిగ్గా నెల తిరిగేసరికి, ఫిబ్రవరి 28న, మరో థర్మల్ కేంద్రం కడుతున్న కాకరాపల్లి తంపర దగ్గర పోలీసులు మళ్లీ తుపాకులు పేల్చారు.