తూము ముందు నుంచి పడవ పోవాలంటే

నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర మూసీ పక్క నుంచి వచ్చి కృష్ణలో కలుస్తుంది. అక్కడి వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా కృష్ణలో 157 కిలోమీటర్ల దారిని 2008లోనే జాతీయ జలమార్గం 4లో చేర్చారు. ఇలాంటి దారిలో సరుకు పడవలు తిరగాలంటే లోతు గురించి, ఇసుక మేటల గురించి అందరూ ఆలోచిస్తారు. తూముల నుంచి, వాగుల నుంచి అడ్డంగా వచ్చి పడే నీటిని కూడా అంతే గట్టిగా పట్టించుకోవాలి. పడవ నడిపే సరంగుకు టెన్షన్ పెట్టేది ఆ నీరే.

ముందుగా పడవ ముక్కు ఆ ధారలోకి వెళ్తుంది. ధార దాన్ని అవతలి గట్టు వైపు నెడుతుంది. వెనుక భాగం మాత్రం ఇంకా నిలకడ నీళ్లలోనే ఉంటుంది కాబట్టి పడవ మెలి తిరుగుతుంది. సరంగు చుక్కాని తిప్పి సరిచేసేలోపు ముక్కు ధార దాటిపోతుంది, ఇప్పుడు వెనుక భాగం అందులో పడుతుంది. దాంతో ముక్కు తూము ఉన్న గట్టు వైపు తిరుగుతుంది. ఆయన తిప్పిన చుక్కాని కూడా అటే తిప్పుతుంటుంది. ఇరుకు కాల్వలో ఇది చాలా ప్రమాదం.

భయపడి వేగం తగ్గిస్తే సరిపోతుందా? లేదు. సెకనుకు 0.3 మీటర్ల అడ్డ ధారలో గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పోయే పడవ దారి 6 డిగ్రీలు పక్కకు జరుగుతుంది. అదే సెకనుకు ఒక్క మీటరు చొప్పున పోతే 17 డిగ్రీలు! పైగా మెల్లగా పోయే పడవకు చుక్కాని పట్టు కూడా తక్కువే. జర్మనీ, నెదర్లాండ్స్ కాల్వల్లో అడ్డ ధారకు సాధారణంగా ఈ 0.3 మీటర్లనే హద్దుగా పెట్టుకుంటారు.

కాబట్టి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నామన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఎంత వేగంతో వదులుతున్నామో చూడాలి. సెకనుకు 10 ఘనపు మీటర్ల నీరు 5 చదరపు మీటర్ల గేటు గుండా వస్తే వేగం 2 మీటర్లు. నోరు 40 చదరపు మీటర్లకు వెడల్పు చేస్తే 0.25 మీటర్లే. అయితే గోడలను ఒక్కసారిగా విప్పేస్తే నీరు వాటిని వదిలేసి మధ్యలో సన్నని ధారగానే దూసుకొస్తుంది, పక్కల సుడులు పుడతాయి. అందుకే గోడలు కొద్దికొద్దిగా విచ్చుకోవాలి. అంత జాగా లేకపోతే ధారకు అడ్డంగా దిమ్మెలు కట్టి నీటిని చెదరగొట్టాలి.

పైపులైతే ఇంకో ఉపాయం ఉంది. మీటరు వ్యాసం పైపు నుంచి సెకనుకు 2 మీటర్ల వేగంతో నీటిలోకి వచ్చే ధారకు, 30 మీటర్ల దూరంలో కూడా సుమారు 0.4 మీటర్ల వేగం మిగులుతుంది. అదే నీటిని అర మీటరు పైపులు నాలుగింటికి పంచి, ఎడంగా పెడితే 0.2 మీటర్లకు దిగుతుంది. తూమును కాల్వ దారికి 30 డిగ్రీల కోణంలో మళ్లిస్తే అడ్డంగా నెట్టే వేగం సగమవుతుంది.

మన దగ్గర తూముల కింద నీటి ఉధృతిని చంపడం కొత్తేమీ కాదు, కానీ అది గట్టు కోసుకుపోకుండా చేసే ఏర్పాటు. పడవలకు ధార వెడల్పు, దిశ కూడా ముఖ్యం. గేటు ఎత్తే పద్ధతీ ముఖ్యమే. ఒక్కసారిగా ఎత్తితే లేచే అల 4 మీటర్ల లోతు కాల్వలో గంటకు 22 కిలోమీటర్ల వేగంతో పోతుంది, పడవ కంటే ముందే మలుపు చేరుతుంది. గేట్లు మెల్లగా ఎత్తాలి, ఎత్తే ముందే సరంగులకు కబురు అందాలి.