ఎర్ర తోలు కుర్చీ

పిల్లలూ,

టీవీలో కామెడీ రాసేవాళ్ళకు అన్ని జోకులు ఎక్కడ దొరుకుతాయని అడిగారు కదా. నాకెంతో ఇష్టమైన అమెరికా రచయిత, నిర్మాత నార్మన్ లియర్ సంగతి చెబుతాను.

ఆయన 1922లో కనెటికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో పుట్టాడు. తొమ్మిదేళ్ళప్పుడు నాన్నను దొంగ బాండ్ల కేసులో అరెస్టు చేశారు. అమ్మ ఇంట్లో సామాన్లు అమ్మేస్తోంది. నాన్న రోజూ కూర్చునే ఎర్ర తోలు కుర్చీని బేరమాడుతున్న ఒకాయన ఈ పిల్లాడి భుజం మీద చెయ్యేసి, ఇక ఈ ఇంటికి మగదిక్కువి నువ్వే అన్నాడట! మనుషుల వెర్రితనం తనకు అప్పుడే అర్థమైందని లియర్ చెప్పుకునేవాడు.

తర్వాత కాలేజీ మానేసి రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళాడు. బాంబర్ విమానంలో 52 దాడుల్లో పాల్గొన్నాడు. తిరిగొచ్చాక ఇంటింటికీ తిరిగి సామాన్లు అమ్మాడు, కమెడియన్లకు స్కిట్లు రాశాడు.

అసలు కథ ఆయనకు 48 ఏళ్ళప్పుడు మొదలైంది. ఓ బ్రిటిష్ సీరియల్ ఆధారంగా ‘ఆల్ ఇన్ ది ఫ్యామిలీ’ తయారుచేశాడు. ఏబీసీ అనే టీవీ ఛానెల్ రెండు పైలట్లు (నమూనా ఎపిసోడ్లు) తీయించి కూడా వద్దనేసింది. చివరికి 1971 జనవరి 12న సీబీఎస్ అనే ఇంకో ఛానెల్‌లో వచ్చింది. అందులో ఆర్చీ బంకర్ అనే తండ్రి కుర్చీలో కూర్చుని నల్లవాళ్ళ మీద, యూదుల మీద నోరు పారేసుకుంటాడు, అల్లుడితో కీచులాడతాడు. భార్య ఏదైనా అనబోతే ‘నోర్ముయ్’ అంటాడు. ఆ మాట ఎక్కడిదనుకున్నారు? లియర్ వాళ్ళ నాన్న అమ్మను అన్నదే! చిన్నప్పుడు బాధపెట్టిన మాటను దాచుకుని, నలభై ఏళ్ళకు దేశమంతా నవ్వేలా చేశాడు. అయినా ఆర్చీని మనం అసహ్యించుకోలేం. భయపడిపోయిన మనిషిలా కనిపిస్తాడు. నాన్న మీద ప్రేమ చావకపోబట్టే అలా రాయగలిగాడని నా నమ్మకం.

మొదటి రోజు జనం తిడతారన్న టెన్షన్‌తో సీబీఎస్ ఫోన్ల దగ్గర అదనంగా మనుషుల్ని పెట్టుకుంది. ఫోన్లు పెద్దగా రానేలేదు. తర్వాత ఆ సీరియల్ వరసగా ఐదేళ్ళు నంబర్ వన్.

ప్రేక్షకుల్ని ఎదురుగా కూర్చోబెట్టి రికార్డు చేసేవారు. లియర్ వాళ్ళనే చూస్తూ ఉండేవాడు. కడుపులోంచి నవ్వొస్తే మనుషులు సీట్లోంచి కాస్త లేచి, ముందుకు వంగి, మళ్ళీ వెనక్కి వాలతారట. అంత పవిత్రమైన దృశ్యం ఇంకోటి లేదనేవాడు.

ఆయన ఇంకో సీరియల్లో నల్లజాతి కుటుంబం పేదగానే ఉందేమని, నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్స్ ఆయన ఆఫీసుకొచ్చి నిలదీశారు. ఆ మాట పట్టించుకున్నాడు. 1975లో వచ్చిన ‘ది జెఫర్సన్స్’లో వ్యాపారం చేసి పైకొచ్చిన నల్లజాతి కుటుంబం ఉంటుంది.

2023 డిసెంబరులో, 101 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఆర్చీ కుర్చీ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. సెకండ్ హ్యాండ్ సామాన్ల కొట్లో కొన్న కుర్చీ అది. మ్యూజియానికి ఇచ్చేశాక కూడా సీరియల్ నడవడంతో, అచ్చం అలాంటిదే ఇంకోటి చేయించుకోవాల్సి వచ్చింది.

మీ తాతయ్య